ముసురు పడితే గ్రైండరు బెల్టులు జాయింటు దగ్గరే తెగుతున్నాయి, ఎలా దాచాలి?

పర్లాకిమిడి కొలిమి:
కత్తులు, కత్తిపీటలు, కొమ్ము పిడులు చేస్తాం. గ్రైండరు 2 బై 72 అంగుళాల గరుకు బెల్టు తిరిగేది. రేటు కలిసొస్తుందని బెల్టులు ఒక్కసారే తెప్పిస్తాను. ఎండాకాలం బాధ లేదు. మహేంద్రతనయ నిండే రోజులొస్తే మాత్రం 120 గ్రిట్ (గరుకు గింజ సైజు) బెల్టు ఎక్కించిన కాసేపటికే అతుకు మీది టేపు లేచిపోయి ఫట్‌మని తెగుతోంది. మొన్నొకటి చెవి పక్కనుంచే పోయింది. గరుకు చూస్తే కొత్తదే! అమ్మినాయన్ని అడిగితే 'లాగుడు ఎక్కువ పెట్టారు' అంటాడు. బెల్టుని బిగించే స్ప్రింగు ముట్టుకోనేలేదు. కొన్ని గోడ మేకులకి వేలాడుతున్నాయి, మిగతావి అట్టపెట్టెలో గచ్చు మీద. ఈ వానల్లో మీరంతా ఏటి చేస్తున్నారు?

రాయగడ సాన:
తమ్ముడూ, లాగుడు కాదు, చెమ్మ. గరుకు గింజని పట్టుకున్న రెజిన్ జిగురు గట్టిదే. వెనకాల గుడ్డ చెమ్మ పీలుస్తుంది, టేపు జిగురు ముందు లొంగిపోతుంది. అందుకే గరుకు కొత్తగానే ఉంటుంది, అతుకు ఊడుతుంది.

ముందా మేకులు పీకేయ్. మేకు మీద బెల్టు బరువంతా ఒక్క గీత మీదే పడుతుంది, అక్కడ మడత పడితే రెజిన్ చిట్లుతుంది. 4 అంగుళాల పీవీసీ పైపు ముక్కలు గోడకి బిగించి వాటి మీద వెయ్యి. మా దగ్గర గ్రిట్‌కో పైపు, పైన సుద్దతో అంకె. బయటి గోడకి కాదు, లోపలి గోడకి. కత్తి ముంచే నీళ్ల తొట్టికి దూరంగా.

వాడనివి వాటి పెట్టెలోనే ఉంచు, కానీ గచ్చు మీద వద్దు. సిమెంటు నేల కింద నుంచి చెమ్మ లాగుతూనే ఉంటుంది, చెక్క పలక వేసి ఎత్తు. తేమ 40–50 శాతం, వేడి 15–25 డిగ్రీలుంటే బెల్టుకి హాయి. శ్రావణంలో మనకి ఆ లెక్క ఎక్కడ కుదురుతుంది! తలుపు బిగుతుగా పడే బీరువా చాలు. గోడకి పెట్టే చిన్న తేమ మీటరు కొనుక్కో, ఊహల మీద తగాదా ఉండదు.

ఇంకోటి, మొత్తంగా కొనడం మానేయ్. టేపు జిగురు ఊరికే ఉన్నా ముసలిదవుతుంది. పెట్టె మీద వచ్చిన నెల రాసి, పాతది ముందు తియ్యి.

జయపురం వడ్రంగం:
మావి కాగితం వెనకవి, ఇంకా సుకుమారం, చెమ్మకి అంచులు వంకరపోయి రోలరు మీద నిలబడవు. ఎక్కించే ముందురోజే పెట్టెలోంచి తీసి పైపు మీద వేలాడేస్తాను, చుట్ట విడుతుంది.

పర్లాకిమిడి కొలిమి:
అన్నా, బీరువాలో సిలికా జెల్ సంచులు వేసి బల్బు కూడా వెలిగిస్తే?

రాయగడ సాన:
సంచులు వెయ్యి. నీలంవి గులాబీ రంగుకి తిరిగితే తీసి వేడి చేసి మళ్లీ పెట్టు. బల్బు వద్దు. మరీ ఎండినా బెల్టు పెళుసై చిట్లుతుంది. కొమ్ము పొడి పట్టిన బెల్టుని అలాగే వేలాడేయకు, తిరుగుతుండగా క్రేప్ రబ్బరు ముక్క ఆనించి దులుపు. అతుకు మీద వేలు పెట్టి చూడు, టేపు అంచు గోటికి తగిలితే ఆ బెల్టు ఎక్కించకు, కోసి చేతి పనికి వాడుకో.