గేటు పక్క మడిలో నాచు పూలు వానలకి కుళ్లిపోతున్నాయి, ఏం చేస్తున్నారు?

ఒంగోలు_పెరడు:
గేటు పక్కన రెండడుగుల మడి, పడమటెండంతా అక్కడే పడుతుంది. కిందటేడు నాచు పూలు గుచ్చితే వేసవికల్లా మట్టి కనపడకుండా కమ్మేశాయి, గులాబీ, పసుపు, తెలుపు కలిసి. అక్టోబరు ముసురు పట్టాక మొదళ్లు నల్లబడి, పట్టుకుంటే వేళ్లమధ్య జారిపోయేంత మెత్తగా అయ్యాయి. వారంలో సగం మడి పోయింది. చాలా బాధేసిందండి.

కరీంనగర్_మిద్దెతోట:
ఇది మన గంగవాయిల కూర జాతే కదండీ, కాడల్లోనే నీళ్లు దాచుకుంటుంది, వేరు దగ్గర తడి నిలిస్తే తట్టుకోదు. మడిని నేలకంటే నాలుగంగుళాలు ఎత్తు చేసి ఎర్రమట్టి, ఇసుక సగం సగం కలపండి. పేడ ఎరువు గుప్పెడు చాలు, ఎక్కువేస్తే పచ్చగా ఏపుగా పెరుగుతుంది గానీ పువ్వు రాదు. నేను రెండేళ్లు ఆ తప్పే చేశాను.

వైజాగ్_మొక్కలు:
మాకు కుళ్లు లేదు, మొగ్గలే విచ్చుకోలేదు. మామిడి నీడ పదిన్నర దాకా పడేది, అదీ కారణం. కనీసం ఆరు గంటల ఎండ కావాలి, మబ్బు పట్టిన రోజు ముడుచుకునే ఉంటాయి. మధ్యాహ్నం దాటితే మూసుకుంటాయి కాబట్టి ఆఫీసుకెళ్లే వాళ్లకి ఆదివారమే దర్శనం!

నెల్లూరు_పూలతోట:
వానలకి ముందే మూడంగుళాల కొమ్మలు తుంచి, కింది ఆకులు తీసేసి, ఒక రోజు ఆరనిచ్చి, రెండు కుండీల్లో గుచ్చి ఎండ తగిలే సన్‌షేడ్ కింద పెట్టేయండి. పది రోజుల్లో వేళ్లూనుతాయి. మడి మొత్తం పోయినా జనవరిలో వీటితోనే మళ్లీ నింపుకోవచ్చు, ప్రతి ఏడూ నేను చేసేది ఇదే. కొమ్మల సందుల్లో తెల్లగా పిండినల్లి కనిపిస్తే లీటరు నీళ్లకి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం కొట్టండి.

కొత్త_తోటమాలి:
ఇంత తంటా ఎందుకు, వెడీలియా వేసేయొచ్చుగా? పసుపు పూలు, చావు లేని తీగ.

కరీంనగర్_మిద్దెతోట:
ఆ చావు లేకపోవడమే ప్రమాదమండి. కణుపు నేలకి తగిలిన చోటల్లా వేరు పడుతుంది. ప్రపంచంలో అతి చెడ్డ 100 చొరబాటు జాతుల జాబితాలో అదీ ఉంది. మా పక్కింటి నుంచి గోడ దాటొచ్చింది, ఇప్పటికీ పీకుతూనే ఉన్నా. దయచేసి వేయకండి.

ఒంగోలు_పెరడు:
ఇవాళే మిగిలిన వాటి నుంచి ఇరవై కొమ్మలు తుంచి వరండాలో ఆరబెట్టాను. మడికి రెండు బుట్టల ఇసుక చెప్పొచ్చాను. గులాబీ రంగుది ఒక్క కొమ్మే మిగిలిందండి, దాన్ని వేరే కుండీలో పెట్టాను.