సర్వీస్ కాంట్రాక్టు మీద సంతకం పెట్టేశాను, ఆ సన్నక్షరాలన్నీ చెల్లుతాయా?

గాజువాక తమ్ముడు, ఇర్వింగ్, టెక్సస్:

విశాఖ వాళ్లందరికీ నమస్కారం. నేనిక్కడికి వచ్చి మూడు నెలలైంది. కారు లేకపోతే కూరగాయలకి కూడా ఎవర్నో ఒకర్ని బతిమాలుకోవాల్సొస్తోందని 18 రోజుల క్రితం ఒక డీలర్ దగ్గర పాత టయోటా కామ్రీ కొన్నాను. 61,000 మైళ్లు తిరిగిన బండి. ధర దగ్గర గట్టిగానే బేరమాడాను. ఆ తర్వాత ఫైనాన్స్ గదిలో కూర్చోబెట్టి గంటసేపు సంతకాలు పెట్టించారు. వాటిలో 3,200 డాలర్ల సర్వీస్ కాంట్రాక్టు ఒకటి, అంటే బండి పాడైతే బాగుచేయించే ఖర్చు భరిస్తామని ముందే డబ్బు తీసుకుని ఇచ్చే కాగితం. "నీకు క్రెడిట్ హిస్టరీ లేదు, ఇది తీసుకుంటేనే బ్యాంకు లోన్ ఇస్తుంది" అన్నాడు ఆ గదిలో కూర్చున్నాయన. "బండిలో ఏది పోయినా మేమే చూసుకుంటాం" అని కూడా అన్నాడు.

మా నాన్న స్టీల్‌ప్లాంటు స్టోర్సులో ముప్ఫై ఏళ్లు కాగితాలు చూసిన మనిషి. రాత్రి ఫోన్లో "చదివేవా?" అన్నారు. అప్పుడు తీశాను. పద్నాలుగు పేజీలు, చీమ తలకాయంత అక్షరాలు. ఆయిల్ మార్పించిన రసీదు లేకపోతే రిపేరు డబ్బు ఇవ్వరు. ముందుగా ఫోన్ చేసి అనుమతి తీసుకోకుండా బాగు చేయిస్తే ఇవ్వరు. కొనకముందే ఉన్న లోపమైతే ఇవ్వరు. సీళ్లు, గాస్కెట్లు లెక్కలోకి రావు. చివర్లో, కోర్టుకి వెళ్లే హక్కు వదులుకుంటున్నానని ఒక పేరా. సంతకం నాదే. ఇంక అన్నీ చెల్లిపోయినట్టేనా? ఏటి చెయ్యాలో చెప్పండి.

సీతమ్మధార అన్న, న్యూజెర్సీ:

తమ్ముడూ, ఇక్కడ ఏది కొన్నా మూడు రోజుల్లో వెనక్కి ఇచ్చెయ్యొచ్చు. నువ్వు 18 రోజులు ఊరుకున్నావు కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. చదవకుండా సంతకం పెట్టినా పెట్టినట్టే. డబ్బు పోయిందనుకుని వదిలెయ్.

ఎంవీపీ కాలనీ అక్క, పందొమ్మిదేళ్లు డాలస్‌లో, ఈ నెల అమ్మ దగ్గర విశాఖలో:

అన్నయ్యా, మీ మంచి మనసు నాకు తెలుసు. కానీ మీ మాట నమ్మి ఈ అబ్బాయి ఇంకో రెండు వారాలు ఊరుకుంటే 3,200 డాలర్లు నిజంగానే పోతాయి. అందుకే ఇక్కడ అర్ధరాత్రయినా కూర్చుని రాస్తున్నాను.

మూడు రోజుల నియమం ఇంటికొచ్చి అమ్మేవాళ్లకి, హోటల్ హాల్లో తాత్కాలికంగా దుకాణం పెట్టి అమ్మేవాళ్లకి. డీలర్ షోరూంలో కొన్న కారుకి అది మొదటి రోజు కూడా వర్తించదు. కారు వెనక్కి తీసుకోరు. సర్వీస్ కాంట్రాక్టు సంగతి వేరు. అది కారుతో పాటు అంటగట్టిన ఇంకో సరుకు. టెక్సస్ చట్టం ప్రకారం కొన్న రోజు నుంచి 31వ రోజు రాకముందే రద్దు చేసుకుంటే కట్టిన డబ్బంతా తిరిగివ్వాలి, ఈలోపు నీ కోసం వాళ్లు ఏమైనా చెల్లించి ఉంటే అది మినహాయించుకుని. నీకింకా పన్నెండు రోజులున్నాయి తమ్ముడూ.

"ఇది తీసుకుంటేనే లోన్" అన్న మాట మీద నాకు ఒళ్లు మండింది. లోన్ ఇవ్వడానికి గానీ కారు అమ్మడానికి గానీ సర్వీస్ కాంట్రాక్టు కొనమని షరతు పెట్టకూడదని టెక్సస్ చట్టంలోనే ఉంది. రేపు పొద్దున్నే బ్యాంకుకి నువ్వే ఫోన్ చేసి అడుగు. కొత్తగా వచ్చిన పిల్లలకి క్రెడిట్ లేదన్న భయం ఉంటుందని ఆ గదిలో కూర్చునేవాళ్లకి బాగా తెలుసు.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న. సంతకం పెట్టినవాడు చదివినట్టే లెక్క. అక్షరాలు చిన్నవన్న ఒక్క కారణంతో అమెరికా కోర్టులు ఒప్పందాన్ని కొట్టెయ్యవు. ఆ అమ్మిన మనిషి నోటితో చెప్పిందీ దాదాపు లెక్కలోకి రాదు. "ఈ కాగితంలో ఉన్నదే పూర్తి ఒప్పందం" అని ఒక వాక్యం ఎక్కడో ఉంటుంది, వెతుకు. అది ఉందంటే, ఏది పోయినా చూసుకుంటామన్న మాట కాగితంలో లేదు గనక లేనట్టే. మోసం అని నిరూపించాలంటే వేరే పెద్ద పోరాటం.

ఇది నేను నష్టపోయి నేర్చుకున్నాను. మేం వెళ్లిన కొత్తలో ఒక పాత వ్యాన్ కొని ఇలాంటి కాంట్రాక్టే తీసుకున్నాం. మా ఆయన ఆయిల్ ఇంటి ముందే తనే మార్చేవారు, శుభ్రంగా, సమయానికి. రెండో ఏడు ట్రాన్స్‌మిషన్ పోయింది. రసీదులు చూపించమన్నారు. ఆయిల్ డబ్బా కొన్న చీటీలు ఎవరు దాస్తారు? క్లెయిమ్ కొట్టేశారు. పసిబిడ్డతో ఆ నెల ఎలా గడిచిందో ఇప్పటికీ గుర్తుంది. రసీదుల షరతు చదివి ఉంటే ఒక కవరులో పడేసి ఉండేదాన్ని, అంతే కదా అని ఎన్నిసార్లు అనుకున్నానో. అప్పటినుంచి ఏ కాగితమైనా వెనక పేజీ నుంచి చదువుతాను. నేను లాయర్ని కాను. ఇరవై ముప్ఫై మంది మన పిల్లల కాంట్రాక్టులు పక్కన కూర్చుని చదివినదాన్ని.

అలాగని అచ్చయిన ప్రతి మాటా చెల్లుతుందని కాదు. 1960లో న్యూజెర్సీ సుప్రీం కోర్టు హెనింగ్‌సెన్ వర్సెస్ బ్లూమ్‌ఫీల్డ్ మోటార్స్ కేసులో తీర్పిచ్చింది. ఒకాయన భార్యకి ప్లిమత్ కారు కొనిచ్చాడు. పది రోజులకి, 468 మైళ్లకే స్టీరింగ్ తిరిగిపోయి బండి గోడకి గుద్దుకుంది. కాంట్రాక్టు వెనక ఎనిమిదిన్నర అంగుళాల పొడవున సన్నక్షరాలు. లోపమున్న భాగం మార్చడం తప్ప ఇంక దేనికీ పూచీ లేదని వాటి సారాంశం. కంపెనీలన్నీ ఒకే కాగితం పెడుతున్నప్పుడు కొనేవాడికి బేరమాడే చోటేదీ, మనిషికి దెబ్బ తగిలితే ఆ షరతు చెల్లదు అంది కోర్టు. ప్రతి కేసూ అలా తేలదు, కానీ ఆ ఆలోచన తర్వాతి చట్టాల్లోకి వచ్చింది. వారంటీల మీద అమెరికా అంతటికీ వర్తించే 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం సర్వీస్ కాంట్రాక్టు షరతులు కొట్టొచ్చినట్టు కనపడేలా, మామూలు మనిషికి అర్థమయ్యే మాటల్లో ఉండాలి. రెండర్థాలొచ్చే వాక్యముంటే రాసినవాళ్లకి వ్యతిరేకంగానే అర్థం తీస్తారు. టెక్సస్‌లో వినియోగదారుల చట్టం కింద నీ హక్కులు వదులుకుంటున్నావని రాయించుకున్నా, నీ తరఫున నువ్వు పెట్టుకున్న లాయర్ లేకుండా అది చెల్లదు.

మాగ్నసన్-మాస్ చట్టంలోనే ఇంకో మాట చాలామందికి తెలీదు. కారుని "యాజ్ ఈజ్" అని, అంటే ఉన్నది ఉన్నట్టు, ఏ పూచీ లేకుండా అమ్మిన డీలరే అమ్మిన రోజు గానీ 90 రోజుల్లోపు గానీ తన పేరు మీద సర్వీస్ కాంట్రాక్టు ఇస్తే, ఆ "యాజ్ ఈజ్" నిలవదు. బండి మామూలుగా నడిచే స్థితిలో ఉండాలన్న సహజమైన పూచీ తప్పించుకోలేడు. అందుకే చాలామంది డీలర్లు తమ పేరు పెట్టకుండా వేరే కంపెనీ కాంట్రాక్టు అమ్ముతారు. మొదటి పేజీలో "అబ్లైగార్" అన్న మాట, అంటే డబ్బు కట్టాల్సిన బాధ్యత ఉన్నవాళ్లు, దాని పక్కన ఎవరి పేరుందో చూసి చెప్పు. బండికి పూచీ ఉందో లేదో చెప్తూ కారు అద్దానికి అంటించిన "బయ్యర్స్ గైడ్" కాగితం కూడా తీసి పెట్టుకో. అది కాంట్రాక్టులో భాగం, లోపలి కాగితం దానికి విరుద్ధంగా ఉంటే గైడ్‌దే పైచేయి.

వారంటీనీ సర్వీస్ కాంట్రాక్టునీ కలిపేయకండి. బయట మెకానిక్ దగ్గర ఆయిల్ మార్పిస్తే కారు కంపెనీ ఇచ్చిన వారంటీ పోదు, అలా షరతు పెట్టకూడదని మాగ్నసన్-మాస్ అంటుంది. ఆ రక్షణ వారంటీకి, డబ్బిచ్చి కొనే సర్వీస్ కాంట్రాక్టుకి కాదు. నీ కామ్రీకి ఎలాగూ ఇంజన్, ట్రాన్స్‌మిషన్ వారంటీ 60,000 మైళ్లకే అయిపోయింది.

కోర్టు హక్కు వదులుకునే పేరా గురించి మాత్రం తీపి మాట చెప్పలేను. ఆర్బిట్రేషన్ అంటే కోర్టు బదులు మధ్యవర్తి తగాదా తేల్చడం, 1925 నాటి ఆర్బిట్రేషన్ చట్టం కింద ఆ పేరా దాదాపుగా చెల్లుతుంది. ఇంకో సంగతి విను. ఇలాంటి షరతే కార్ల కంపెనీలు తమ మీద పెడుతున్నాయని డీలర్లు వాషింగ్టన్‌లో మొరపెట్టుకుని, 2002లో తమ వరకు అది చెల్లకుండా చట్టం తెచ్చుకున్నారు. కొనేవాళ్లకి అలాంటిది రాలేదు. ఇది అన్యాయమని నేను ఎక్కడైనా అంటాను. అయితే చిన్న మొత్తాల కోర్టుకి వెళ్లే వీలు చాలా కాంట్రాక్టుల్లో వదిలేస్తారు, ఆ పేరా చివరిదాకా చదువు. టెక్సస్‌లో అలాంటి కోర్టుని జస్టిస్ కోర్టు అంటారు, అందులో 20,000 డాలర్ల దాకా లాయర్ లేకుండా వేసుకోవచ్చు.

మద్దిలపాలెం బాబాయ్, విశాఖలో వకీలు:

అమ్మాయి చెప్పినదానికి అమెరికా వైపు నేను చేర్చేదేమీ లేదు. మన పిల్లలు ఎందుకు తడబడతారో మాత్రం చెప్తాను. ఇక్కడ షోరూంతో తగాదా వస్తే కాగితంలో ఆర్బిట్రేషన్ అని ఉన్నా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. 2018లో ఎమ్మార్ ఎంజీఎఫ్ అనే బిల్డర్ కేసులో సుప్రీం కోర్టు అదే తేల్చింది. 2019 వినియోగదారుల చట్టం వచ్చాక ఒకవైపే మొగ్గిన ఒప్పందానికి "అన్యాయమైన కాంట్రాక్టు" అని నిర్వచనమే ఇచ్చారు. దాన్ని చెల్లదనే అధికారం జిల్లా కమిషన్‌కి లేదు, రాష్ట్ర కమిషన్‌కి, జాతీయ కమిషన్‌కి ఉంది. ఆ ధైర్యం మనసులో పెట్టుకుని అక్కడ సంతకం పెట్టకండర్రా. అక్కడ ఆ పేరా తలుపు మూసేస్తుంది.

గాజువాక బాబూ, మీ నాన్నగారికి ఆ పద్నాలుగు పేజీలూ ఫోటోలు తీసి పంపు. స్టోర్సులో పనిచేసిన కళ్లకి మనకి కనపడనివి కనపడతాయి.

గాజువాక తమ్ముడు:

అక్కా, బాబాయ్ గారూ, మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలీటం లేదు. పొద్దున్న బ్యాంకుకి ఫోన్ చేశాను. అలాంటి షరతేమీ మేం పెట్టలేదన్నారు. అబ్లైగార్ దగ్గర డీలర్ పేరు లేదు, వేరే రాష్ట్రంలోని కంపెనీ పేరుంది. రద్దు సంగతి తొమ్మిదో పేజీలో నాన్నే పట్టుకున్నారు. రాసిచ్చిన ఉత్తరం కావాలట. ఏసీ కొంచెం చప్పుడు చేస్తోంది, ఒకసారి క్లెయిమ్ పెట్టి చూసి తర్వాత రద్దు చెయ్యనా?

ఎంవీపీ కాలనీ అక్క:

వద్దు నాన్నా. వాళ్లు ఏసీకి డబ్బు కడితే అది నీ రిఫండులోంచి పోతుంది. కట్టకుండా "పరిశీలిస్తున్నాం" అంటూ సాగదీస్తే నీకు మిగిలిన రోజులు కరిగిపోతాయి. ఏసీ చప్పుడు విడిగా మంచి మెకానిక్‌కి చూపించు.

ఉత్తరంలో కాంట్రాక్టు నంబరు, కొన్న తేదీ, ఈ రోజు ఓడోమీటర్ అంకె, "పూర్తి మొత్తం వెనక్కి ఇవ్వండి" అన్న ఒక్క వాక్యం చాలు. కోపం రాయకు. ఒక కాపీ డీలర్‌కి, ఒకటి ఆ కంపెనీకి, రెండూ సర్టిఫైడ్ మెయిల్‌లో, అందినట్టు సంతకం తిరిగొచ్చేలా పంపు. ఓడోమీటర్ ఫోటో తీసి ఉంచు. డబ్బు నీ చేతికి రాదు, లోన్ ఉంది కాబట్టి బ్యాంకుకి వెళ్తుంది. నెలవారీ కట్టేది తగ్గదు, లోన్‌లో అసలు మొత్తం తగ్గి అది ముందుగా తీరుతుంది. అది చూసి మోసపోయాననుకోకు. బ్యాంకు స్టేట్‌మెంటులో జమ కనపడే దాకా వారం వారం చూసుకో. డీలర్ నానిస్తే టెక్సస్ డిపార్ట్‌మెంట్ ఆఫ్ లైసెన్సింగ్ అండ్ రెగ్యులేషన్‌కి ఫిర్యాదు పెట్టాలి, ఈ కంపెనీలకి లైసెన్సు ఇచ్చేది వాళ్లే. ఆ ఫారం నింపేటప్పుడు నాకు ఫోన్ చెయ్, పక్కనుండి చెప్తాను.

గాజువాక తమ్ముడు:

రెండు ఉత్తరాలూ ఇప్పుడే పోస్టాఫీసులో ఇచ్చాను అక్కా. రసీదులు ఒక కవరులో పెట్టాను. నాన్న ఆ కవరు మీద తేదీ రాయమన్నారు.