1912లో పెథిక్-లారెన్స్ దంపతులను ఆడవాళ్ల ఓటు కోసం పోరాడిన సమితి నుంచి పంపేయడం న్యాయమేనా?

పాతపుస్తకం:
1946లో మన దేశానికి వచ్చిన క్యాబినెట్ మిషన్ ముగ్గురిలో ఫ్రెడరిక్ పెథిక్-లారెన్స్ ఒకరని బడిలో బట్టీ పట్టాం. అంతకు ముప్పై నాలుగేళ్ల ముందు ఆయన లండన్‌లో ఆడవాళ్ల ఓటు కోసం జైలుకు వెళ్లాడని మాత్రం ఎవరూ చెప్పలేదు. 1901లో పెళ్లి చేసుకుని భార్య ఎమ్మెలిన్ ఇంటిపేరును తన పేరుకు కలుపుకున్నాడు. ఇద్దరూ పాంక్‌హర్స్ట్ తల్లీకూతుళ్ల మహిళా సామాజిక రాజకీయ సమితిలో పనిచేశారు. ఆయన బారిస్టరు. అరెస్టయిన వందల మంది ఆడవాళ్లకు జామీను నిలబడ్డాడు. 1912 మార్చిలో సమితి ఆడవాళ్లు లండన్ దుకాణాల అద్దాలు పగలగొట్టాక కుట్ర కేసు పెట్టి తొమ్మిది నెలలు శిక్ష వేశారు. నిరాహారదీక్షకు కూర్చుంటే రోజుకు రెండుసార్లు గొట్టంతో బలవంతంగా ఆహారం ఎక్కించారు. ఆ అక్టోబరులోనే సమితి వాళ్లు ‘ఇక మీరు వద్దు’ అన్నారు. ప్రభుత్వం తరఫు కోర్టు ఖర్చులు కట్టనన్నందుకు ఆయన ఇంటి సామాను వేలం వేశారు. 1913లో దివాలా ప్రకటించారు. ఇది కృతఘ్నత కాదా?

సత్తుగిన్నె:
ఎందుకు పంపారో కూడా రాయండి. అద్దాలతో ఆగకుండా నిప్పు పెట్టేదాకా వెళ్లడం వద్దన్నారు కాబట్టి.

నల్లగాజులు:
ప్రశ్నే తప్పు. సమితిలో మగవాళ్లకు సభ్యత్వం లేదు. సభ్యుడే కాని మనిషిని బహిష్కరించడం ఎలా కుదురుతుందండీ? పంపింది ఎమ్మెలిన్‌ను. ఆయన వెంట వెళ్లాడు.

పాతపుస్తకం:
రసీదు లేకపోతే మనిషే లేనట్టా? ‘వోట్స్ ఫర్ విమెన్’ పత్రికకు ఆయన సహసంపాదకుడు. క్లెమెంట్స్ ఇన్‌లో సమితి ఆఫీసు నడిచింది వాళ్ల నివాసంలోనే. మా కాలనీలో ఆడవాళ్ల పొదుపు సంఘానికి పదకొండేళ్లు నేను లెక్కలు రాశాను. బ్యాంకుకు తిరిగింది నేను, ఆడిటరు ముందు నిలబడింది నేను. ఒకరోజు వెళ్తే ‘సమావేశం జరుగుతోంది, కాస్త బయట కూర్చోండి’ అన్నారు. బయట కుర్చీ కూడా లేదు. సభ్యత్వం మాట ఎత్తేవాళ్లను చూస్తే నాకు ఆ గుమ్మమే గుర్తొస్తుంది.

రావిచెట్టు:
ఒక సంగతి ఇద్దరూ దాటవేస్తున్నారు. 1907లో సమితిలో కొందరు ఓటింగు, నియమావళి, ఎన్నికైన కమిటీ అడిగారు. పాంక్‌హర్స్ట్ ఒప్పుకోలేదు. షార్లట్ డెస్పార్డ్, టెరెసా బిల్లింగ్టన్-గ్రెగ్ బయటికి వెళ్లి విమెన్స్ ఫ్రీడం లీగ్ పెట్టుకున్నారు. అప్పుడు పెథిక్-లారెన్సులు ఎవరి పక్కన నిలబడ్డారు? పాంక్‌హర్స్టుల పక్కనే. అడిగే హక్కు ఎవరికీ వద్దని ఒప్పుకున్నవాళ్లు అయిదేళ్ల తర్వాత ‘మమ్మల్ని అడగలేదు’ అంటే ఏం చెప్పాలి?

సత్తుగిన్నె:
1926లో ఆ లీగుకే ఎమ్మెలిన్ అధ్యక్షురాలయ్యారు. తిరిగి తిరిగి డెస్పార్డ్ గుమ్మానికే చేరారు.

నల్లగాజులు:
రావిచెట్టు గారి మాట నిజమే. అయినా నా ప్రశ్నకు జవాబు రాలేదు. ఫ్రెడరిక్ సభ్యుడా, కాదా? అవును, కాదు. రెండింట్లో ఒకటి చెప్పండి.

పాతపుస్తకం:
కాదు! చాలా? ఇప్పుడు నేనడిగేది చెప్పండి. ఆయన డబ్బు కావాలి, ఇల్లు కావాలి, కోర్టులో వాదన కావాలి, జైల్లో ఆయన గొంతు కూడా కావాలి. మాట మాత్రం అక్కర్లేదు. ఆయన ఆస్తి ప్రభుత్వానికి జుట్టులా దొరికింది, దాన్ని పట్టుకుని ఉద్యమాన్ని లాగుతుందని పాంక్‌హర్స్ట్ అన్న కారణాల్లో ఒకటి. డబ్బు పెట్టినన్నాళ్లూ లేని బెంగ దివాలా ముంగిట పుట్టిందా? కరివేపాకు సామెత ఇలాంటివాళ్ల కోసమే పుట్టింది. మీలాంటివాళ్లకు మగవాడు చేసిన సాయం సాయంలా కనబడదు.

సత్తుగిన్నె:
‘మీలాంటివాళ్లు’ దాకా వచ్చాం. ఇక అసలు సంగతి బయటపడుతుంది.

నల్లగాజులు:
పడనివ్వండి. మాటకు మాట చెబుతాను. మా ఊరి గ్రంథాలయం కోసం ఆరేళ్లు నేను ఇంటింటికీ తిరిగి చందాలు వసూలు చేశాను. మా వారు నాకు ఉత్తరాలు టైపు చేసి పెట్టేవారు, పుణ్యాత్ముడు. ప్రారంభోత్సవం రోజు శాలువా ఆయనకు కప్పారు. ఆయన సిగ్గుపడి నావైపు చూశారు. తప్పు ఆయనది కాదని తెలుసు. అయినా ఆ శాలువా ఈనాటికీ బీరువాలోంచి తీయలేదు.

అందుకే మీరు రాసింది మళ్లీ మళ్లీ చదివాను. అంతా ఆయన డబ్బు, ఆయన ఇల్లు, ఆయన గొంతు. సమితికి కోశాధికారి ఎవరు? ఎమ్మెలిన్. ఆరేళ్లలో 1,34,000 పౌండ్లు పోగు చేసింది ఆమె. ఊదా, తెలుపు, ఆకుపచ్చ రంగులు ఎంచింది ఆమె. ఆయన కంటే ముందు, 1906లోనే జైలుకు వెళ్లింది ఆమె. 1912లో జరిగింది అన్యాయం కాదని నేను ఒక్కసారి కూడా అనలేదు, వెనక్కి వెళ్లి చూసుకోండి. అన్యాయమే. అది మొదట ఆమెకు జరిగింది. తన చేతుల మీద నిలబెట్టిన సంస్థ ఆమెను పొమ్మంది. మీరేమో నాలుగు టపాలు రాశారు, ఒక్కదానిలో కూడా ఆమె చేసిన పని ఒకటి లేదు.

రావిచెట్టు:
పొమ్మన్నాక వాళ్లిద్దరూ బజారుకెక్కి తిట్టలేదన్నది నాకు నచ్చుతుంది. పత్రిక మాత్రం తమ దగ్గర ఉంచుకుని నడిపారు. పాంక్‌హర్స్టులు ‘ది సఫ్రజెట్’ అని వేరే పత్రిక పెట్టుకున్నారు.

పాతపుస్తకం:
నాలుగు కాదు. మూడు.