భుజంలో బైసెప్స్ టెండన్: కోసి వదిలేయాలా, ఎముకకు బిగించాలా?

ఫిజియో, గుంటూరు: మిర్చి యార్డులో 40 కిలోల పైచిలుకు టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే హమాలీ, 48 ఏళ్లు, కుడి భుజం. ఎమ్మారైలో సబ్‌స్కాపులారిస్ (భుజం ముందు వైపు కఫ్ కండరం) పై అంచు చిరిగింది, బైసెప్స్ లాంగ్ హెడ్ (జబ్బ ముందరి కండని భుజం కీలుకి కలిపే టెండన్, అంటే స్నాయువు) చేతి ఎముక మీది గాడిలోంచి లోపలి వైపు జారింది. కఫ్ (భుజం కీలు చుట్టూ ఉండే కండరాల పట్టీ) రిపేర్ ఎలాగూ తప్పదు. టెండన్‌కి టీనాటమీ (కోసి వదిలేయడం) చాలని ఒక సర్జన్, టీనోడెసిస్ (కోసి ఎముకకు బిగించడం) చేయాలని ఇంకొకరు. మీరేమంటారు?

ఆర్థో, విజయవాడ: టీనాటమీ చాలు సార్. ఆర్థ్రోస్కోపీలో (కీలులోకి కెమెరా పెట్టి చేసే ఆపరేషన్) లాబ్రమ్ (కీలు గుంట అంచు) దగ్గర కోయడం నిమిషాల పని, ఇంప్లాంట్ ఖర్చు ఉండదు. బైసెప్స్ రెండో కొస, షార్ట్ హెడ్, కోరకాయిడ్ అనే భుజం ఎముక కొమ్ముని పట్టుకునే ఉంటుంది, మోచెయ్యి మడవడానికి బ్రేకియాలిస్ అనే ఇంకో కండరం ఉంది. రెండింటినీ పోల్చిన ట్రయల్స్‌లో నొప్పి, పనితీరు స్కోర్లు దాదాపు సమానం. ముఖ్యమైన తేడా పొపాయ్ గడ్డ (కండ కిందికి జారి జబ్బ మీద ఉబ్బడం) ఒక్కటే, అదీ చూపుకే.

భుజం సర్జన్, గుంటూరు: చూపుకే అంటే ఒప్పుకోను. కొందరికి బరువెత్తినప్పుడు కండ పట్టేస్తుంది. సుపినేషన్ (అరచేతిని పైకి తిప్పడం) బలం కూడా కొంత తగ్గుతుంది. ఆటోనగర్ మెకానిక్ కుడిచేత్తో స్క్రూ బిగించేటప్పుడు తిప్పే తిప్పు అదే. పైగా టీనాటమీతో వచ్చే పెద్ద లాభం త్వరగా పనిలోకి వెళ్లడం. ఈయనకి కఫ్ కోసం ఎలాగూ స్లింగ్ వేస్తారు, ఇక ఆ లాభమెక్కడ? కఫ్‌కి వేసే యాంకర్ (ఎముకలో దిగే చిన్న మేకు) దారాలతోనే టెండన్‌ని కుట్టేయొచ్చు, అదనపు ఇంప్లాంట్ అక్కర్లేదు.

ఆర్థో, విజయవాడ: అలా పైన కుట్టేస్తే గాడిలో వాచిన తొడుగు అలాగే ఉండిపోతుంది. ముందు వైపు నొప్పి తగ్గలేదని మళ్లీ వస్తారు. సబ్‌పెక్టోరల్‌కి (ఛాతీ కండ కింది అంచు దగ్గర బిగించడానికి) దిగితే హ్యూమరస్‌లో (జబ్బ ఎముకలో) రంధ్రం. అది పక్కకి పడిందంటే బరువులు మోసే మనిషికి ఎముక అక్కడే విరగొచ్చు. రిట్రాక్టర్‌ని (కండని పక్కకి లాగిపట్టే పరికరం) లోపలి వైపు గట్టిగా లాగితే బైసెప్స్‌ని నడిపే మస్కులోక్యుటేనియస్ నరం దెబ్బతినొచ్చు.

భుజం సర్జన్, గుంటూరు: రెండూ నిజమే. అందుకే ఆపరేషన్‌కి ముందే గాడి మీద వేలితో నొక్కి నొప్పి ఎక్కడిదాకా ఉందో రాసుకోవాలి. లోపల ప్రోబ్‌తో (కొక్కెం లాంటి సన్న పరికరం) టెండన్‌ని కీలులోకి లాగి చూసినా గాడి కింది భాగం కనపడదు. నొప్పి కిందిదాకా ఉంటే సబ్‌పెక్టోరల్ చేయాలి. అప్పుడు పెద్ద స్క్రూ వద్దు. ఎముకకి సరిగ్గా నడిమధ్యన చిన్న రంధ్రం, యాంకర్ లేదా బటన్ (దారాన్ని ఎముకకి ఆపిపట్టే చిన్న లోహపు బిళ్ల) చాలు. కండ, టెండన్ కలిసే చోటు పెక్టోరాలిస్ మేజర్ (పెద్ద ఛాతీ కండ) కింది అంచు దగ్గరికి రావాలి. వదులైతే గడ్డ కడుతుంది, మరీ బిగిస్తే నొప్పి. అరవై దాటి, బరువు పని లేనివాళ్లకైతే నేనూ టీనాటమీయే చెబుతాను.

ఫిజియో, విజయవాడ: టీనోడెసిస్ చేస్తే ఒక సంగతి గట్టిగా చెప్పండి. మొదటి 6 వారాలు ఆ చేత్తో నీళ్ల చెంబు ఎత్తకూడదు, బిగుసుకున్న సీసా మూత తిప్పకూడదు. మోచెయ్యిని రెండో చేత్తో మడిచి చాపాలి, లేదంటే బిగుసుకుపోతుంది. టిక్కీ ఎత్తడానికి దాదాపు 6 నెలలు పడుతుంది. అందాకా తేలిక పని ఇప్పించమని ముఠా మేస్త్రితో ఆపరేషన్‌కి ముందే మాట్లాడుకోమనండి.