రోగి తలూపితే అర్థమైనట్టేనా?

ప్రశ్న — ఆరోగ్య కేంద్రం వైద్యురాలు, శ్రీకాకుళం జిల్లా

అందరికీ నమస్కారం. నేను హైదరాబాదులో పుట్టి పెరిగి, అక్కడే ఎంబీబీఎస్ చదివి, ఎనిమిది నెలలుగా ఇక్కడి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తున్నాను. బీపీకి, షుగరుకు మందులు తీసుకోవడానికి వచ్చే పెద్దవారికి ఏ మాత్ర ఏ పూట వేసుకోవాలో, తిండికి ముందో తరువాతో ఓపికగా వివరిస్తాను. వారు చేతులు కట్టుకుని, చూపు నేలమీద నిలిపి, ప్రతి మాటకూ తలూపుతారు. నెల తిరిగి వచ్చేసరికి బీపీ 170/100 దగ్గరే ఉంటుంది, అట్టలో సగం మాత్రలు అలాగే మిగిలి ఉంటాయి. హావభావాల గురించి నేను చదివిన వ్యాసాలు చేతులు కట్టుకోవడం వ్యతిరేకతకు గుర్తు అనీ, కళ్ళలోకి చూడనివారు ఏదో దాస్తున్నారనీ, భావంలో 55 శాతాన్ని శరీరమే తెలుపుతుందనీ చెబుతున్నాయి. ఆ లెక్కన చూస్తే నా దగ్గరికి వచ్చేవారెవరికీ నామీద నమ్మకం లేదనుకోవాలి, కానీ నా మనసు అందుకు ఒప్పుకోవడం లేదు. వీరి సైగలను నేను ఎలా అర్థం చేసుకోవాలి?

జవాబు 1 — పదవీ విరమణ చేసిన స్టాఫ్ నర్సు

డాక్టరమ్మ గారూ, మీ మనసు చెప్పినదే నిజం. మా తరం వారికి బడిలో మొదట నేర్పినది చేతులు కట్టుకుని నిలబడటమే, కాబట్టి ఆ పెద్దాయన మీ ముందు అలా నిలబడ్డారంటే మిమ్మల్ని గురువు స్థానంలో ఉంచారని అర్థం. పెద్దవారి ముందు, చదువుకున్నవారి ముందు చూపు దించుకోవడం కూడా మర్యాదలో భాగమే.

తలూపడం గురించి మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి. నాయనమ్మ కథ చెబుతుంటే మనం ఊ కొట్టేవాళ్ళం. ఆ 'ఊఁ'కు కథ అర్థమైందనీ కాదు, నచ్చిందనీ కాదు, నేను వింటున్నాను, నువ్వు చెప్పు అనే అర్థం. మీ రోగి తల ఊపడం కూడా చాలాసార్లు ఆ ఊ కొట్టడమే. తలను ఒక పక్కకు వాల్చి మెల్లగా కదిపితే 'సరే లెండి' అన్నట్టు, కానీ ఆ సరేలో ఇష్టంతో ఒప్పుకున్నది ఎంతో, మీ మాట కాదనలేక అన్నది ఎంతో తల చూసి చెప్పలేము. నేను తల కన్నా చేతులను ఎక్కువగా గమనించేదాన్ని. మందుల చీటీని మడిచి కొంగున ముడి వేసుకుంటూ, పక్కనున్న కోడలి వైపు ఒకసారి చూసిందంటే, మాత్రలు ఇచ్చే బాధ్యత కోడలిదని నాకు తెలిసిపోయేది. అప్పుడు ఆ కోడలిని దగ్గరకు పిలిచి చెప్పేదాన్ని.

ఇంకొక మాట. దయచేసి కూర్చుని మాట్లాడండి. డాక్టరు నిలబడి ఉంటే, తన వెనుక వరుసలో ఉన్నవారికి ఆలస్యమవుతోందని రోగి తొందరపడి ముందే తల ఊపేస్తాడు.

జవాబు 2 — మనస్తత్వశాస్త్రం అధ్యాపకుడు, విశాఖపట్నం

మీరు చదివిన 55 శాతం గురించి ఒక వివరణ ఇవ్వవలసి ఉంది, ఎందుకంటే ఆ అంకె చేసిన నష్టం అంతా ఇంతా కాదు. అది ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే మనస్తత్వవేత్త 1967లో ప్రచురించిన రెండు చిన్న ప్రయోగాల నుంచి వచ్చింది. వాటిలో మనుషుల మధ్య సంభాషణే లేదు. రికార్డు చేసిన విడి మాటలను రకరకాల స్వరాలలో వినిపించి, ముఖాల ఫొటోలు చూపించి, ఆ వ్యక్తికి ఎదుటివారిపై ఇష్టం ఉందా లేదా అని అడిగారు. ఇష్టాయిష్టాలు, మనోభావాలు తెలిపే సందర్భానికి తప్ప ఆ సూత్రం వర్తించదని ఆయనే చెప్పారు. మాత్ర రోజుకు ఎన్నిసార్లు వేసుకోవాలన్న సమాచారం పూర్తిగా మాటల్లోనే ఉంటుంది.

చూపు దించినవారు దాస్తున్నారన్న నమ్మకానికీ ఆధారం లేదు. 24 వేల మందికి పైగా వ్యక్తుల తీర్పులను కలిపి బాండ్, డిపౌలో అనే పరిశోధకులు 2006లో చేసిన విశ్లేషణలో, ఎదుటివారు చెప్పేది అబద్ధమో నిజమో మనుషులు సరిగా గుర్తించినది సగటున 54 శాతమే, అంటే బొమ్మా బొరుసూ వేసి చెప్పినదానికి కాస్త ఎక్కువ. అందువల్ల ఒక సైగకు ఒక అర్థం అని పట్టిక పెట్టుకోకండి. ఆ మనిషి మామూలుగా ఎలా ఉంటారో ముందు గమనించి, ఏ మాట దగ్గర ఆ తీరు మారిందో చూడండి. ఎప్పుడూ గలగలా మాట్లాడే ఆమె ఖర్చు మాట రాగానే మౌనం వహిస్తే, మీరు ఆగవలసినది అక్కడే.

జవాబు 3 — కూచిపూడి గురువు

నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం (శరీర కదలికలు), వాచికం (మాట), ఆహార్యం (వేషధారణ), సాత్త్వికం (మనసులోని భావం వల్ల వచ్చే మార్పులు) అని నాలుగుగా విభజించింది. తల, చేయి, చూపు ఆంగికం కిందకు వస్తాయి. వీటిని మేము పిల్లలకు నేర్పగలము, అంటే నేర్చుకున్నవారు కావాలని చూపగలరు కూడా. చెమట పట్టడం, గొంతు మారడం, వణకడం, రంగు మారడం, కన్నీరు వంటి ఎనిమిది సాత్త్విక భావాలు మాత్రం మనసు కదిలితే తప్ప సులువుగా రావు. గంగిరెద్దులా తలాడిస్తున్న మనిషి గొంతు ఒక్కసారిగా బొంగురుపోతే, ఆ తలను కాక గొంతును నమ్మమని నేను చెబుతాను.

ప్రశ్న అడిగినవారి నుంచి

మీ అందరికీ కృతజ్ఞతలు. ఈ వారం నుంచి 'అర్థమైందా?' అని అడగడం పూర్తిగా మానేశాను. కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చుని, మాత్రల అట్టను వారి చేతికే ఇచ్చి, 'రేపు ఇంట్లో ఎలా వేసుకుంటారో నాకు చూపించండమ్మా' అంటున్నాను. నిన్న ఒక పెద్దావిడ రెండు మాత్రలు తీసి, ఒకటి తిరిగి అట్టలోకి నెట్టి, చేత్తో తల పట్టుకుని చూపించింది. తల తిరిగిన రోజున మాత్రమే ఆ రెండవ మాత్ర వేసుకోవాలని ఆమె ఇన్నాళ్ళూ అనుకుంటోంది. గడిచిన నాలుగు నెలల్లో ప్రతిసారీ ఆమె నా మాటకు తల ఊపింది, ప్రతిసారీ నేను చీటీ మీద 'వివరించాను' అని రాశాను.