డల్లాస్ వెళ్లిన తమ్ముడికి: బెంగళూరు ఫ్లాటుకు వీలునామా విడిగా రాయండి

తమ్ముడూ, మన గ్రూపులో మీరు రాసింది రెండుసార్లు చదివాను. డల్లాస్ చేరి నాలుగు నెలలైందని, కంపెనీ లీగల్ ప్లాన్‌లో వీలునామా ఉచితంగా రాసిస్తున్నారని, వైట్‌ఫీల్డ్‌లో లోను మీద కొన్న ఫ్లాటు కూడా అందులోనే కలిపేయొచ్చా అని అడిగారు. కలపకండి. అక్కడి ఆస్తికి అక్కడ ఒకటి, బెంగళూరు ఫ్లాటుకు ఇక్కడి పద్ధతిలో ఇంకొకటి రాయండి. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో మా ఇంట్లో జరిగింది వింటే మీకే తెలుస్తుంది.

మా అన్నయ్య చాలా ఏళ్లు టెక్సాస్‌లోనే ఉన్నాడు. 2012లో సెలవుకు వచ్చినప్పుడు, బెంగళూరు మారతహళ్లిలోని తన ఫ్లాటు అమ్మకు చెందాలని వీలునామా రాసి రిజిస్టర్ చేయించాడు. నాన్న పోయాక అమ్మ ఉంటున్నది ఆ ఇంట్లోనే. 2018లో అక్కడ ఇల్లు కొన్నాక ఒక లాయరు దగ్గర ఇంకో వీలునామా రాశాడు. తొమ్మిది పేజీలు. ఆస్తంతా వదినకు. మొదటి పేజీ మూడో లైనులో ‘ఇంతకుముందు నేను రాసిన వీలునామాలన్నీ రద్దు చేస్తున్నాను’ అని ఉంది. మామూలుగా వాడే నమూనాల్లో ఈ వాక్యం ఉంటుంది. అన్నయ్యకు అక్కడి ఇల్లు మాత్రమే మనసులో ఉండి ఉంటుంది, మారతహళ్లి గుర్తుకొచ్చి ఉండదు. 2021లో అన్నయ్య పోయాడు. అమ్మ బీరువాలోంచి తీసిచ్చిన 2012 కాగితం, సబ్‌రిజిస్ట్రార్ సీలుతో సహా, అప్పటికే చెల్లని కాగితం.

వదిన చాలా మంచిది. ఫ్లాటు అత్తయ్యదే అని మొదటిరోజే అంది. కానీ ఇవ్వాలంటే ముందు అది తన పేరుకు రావాలి కదా. టెక్సాస్ కోర్టులో వీలునామా రుజువు చేసి, సర్టిఫైడ్ కాపీ తెప్పించి, దాన్ని జతపరిచి బెంగళూరు సివిల్ కోర్టులో లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్‌కు, అంటే ఆస్తిని వారసులకు పంచే అధికారం ఇచ్చే కోర్టు పత్రానికి, అర్జీ పెట్టి, అది వచ్చాక ఖాతా (నగరపాలక సంస్థ రికార్డులో యజమాని పేరు) మార్పించి, అప్పుడు అమ్మ పేరున గిఫ్ట్ డీడ్ రాసింది. ఎవరూ ఎవరితోనూ తగువు పడకుండానే రెండున్నరేళ్లు పట్టింది. అంతకాలం అమ్మ నెలనెలా అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ కట్టి, లేని కొడుకు పేరు మీద రసీదు తెచ్చుకునేది. ఆ రసీదులన్నీ మడతలు పెట్టి దేవుడి గూటి పక్కన బిస్కెట్ల డబ్బాలో దాచింది. ఇప్పటికీ ఆ డబ్బా తీయనివ్వదు.

అందుకే రెండు వీలునామాల్లోనూ ఈ మాట తప్పకుండా రాయించండి. ఇక్కడిదానిలో: ‘ఈ వీలునామా భారతదేశంలోని నా ఆస్తులకు మాత్రమే వర్తిస్తుంది. ఇతర దేశాల్లోని ఆస్తులకు నేను రాసిన, రాయబోయే వీలునామాలను ఇది రద్దు చేయదు.’ అక్కడిదానిలో కూడా ఇదే మాట, దేశం మార్చి. లాయరు ఇచ్చిన డ్రాఫ్టులో ‘అన్నీ రద్దు’ అనే వాక్యం కనిపిస్తే సంతకం పెట్టకుండా మార్పించండి.

స్థిరాస్తి ఎక్కడుంటే అక్కడి చట్టమే నడుస్తుంది. మీరు డల్లాస్‌లో ఉన్నా, రేపు అక్కడే స్థిరపడినా, వైట్‌ఫీల్డ్ ఫ్లాటుకు మన వారసత్వ చట్టమే.  ఒక ఉదాహరణ చెబుతాను. పూర్తిగా చేత్తో రాసి సంతకం పెట్టిన వీలునామా టెక్సాస్‌లో సాక్షులు లేకపోయినా చెల్లుతుంది. అదే కాగితం మీ ఫ్లాటుకు చెల్లదు. 1925 నాటి భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రకారం కనీసం ఇద్దరు సాక్షులు ఉండాలి, వాళ్లు మీ ఎదుట సంతకం పెట్టాలి.

‘నాకు 33 ఏళ్లే అక్కా, ఇప్పుడే ఎందుకు’ అన్నారు. మూడేళ్ల పాప ఉంది కాబట్టే. వీలునామా లేకపోతే ఆస్తి భార్యకే వెళుతుందని చాలామంది అనుకుంటారు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ వాటా మీ ఆవిడకు, పాపకు, మీ అమ్మగారికి సమానంగా మూడు భాగాలవుతుంది. వీళ్లుండగా నాన్నగారికి ఏమీ రాదు. సరే, సమానమే కదా అనిపించొచ్చు. అసలు చిక్కు పాప వాటాతో వస్తుంది. మైనరు పేరున ఉన్న స్థిరాస్తిని తల్లి అయినా కోర్టు అనుమతి లేకుండా అమ్మకూడదు. ఒక్క జీతం మీద లోను కట్టలేక ఫ్లాటు అమ్మేద్దామనుకున్నా, మీ ఆవిడ పాపనెత్తుకుని కోర్టు చుట్టూ తిరగాలి. మీరు రెండు పేజీలు రాసిపెడితే ఇదంతా తప్పుతుంది.

బ్యాంకులో, సొసైటీలో నామినీగా ఆవిడ పేరుంది కదా అని ధైర్యంగా ఉండకండి. నామినీ అంటే డబ్బు అందుకునే మనిషే తప్ప సొంతదారు కాదు. షేర్ల విషయంలో 2023లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. నాన్నగారికి జీపీఏ (మీ తరఫున సంతకాలు పెట్టే అధికారపత్రం) ఇచ్చి వచ్చానన్నారు. అది మీరు బతికున్నంత వరకే, ఆ తర్వాత ఒక్క సంతకానికీ పనికిరాదు.

మీ ఆవిడ చేత కూడా రాయించండి, ఫ్లాటు ఇద్దరి పేర్లా ఉంది కాబట్టి. పిల్లలు లేని ఆడపిల్ల, భర్త కూడా లేకుండా, వీలునామా రాయకుండా పోతే, ఆమె సొంత సంపాదనతో కొన్నది ముందు భర్త తరఫు వారసులకు వెళుతుంది. కన్న తల్లిదండ్రులు ఆ తర్వాతే. ఇది తెలిసినప్పటినుంచి ఉద్యోగం చేసే ప్రతి అమ్మాయికీ చెబుతున్నాను. కొత్తగా పెళ్లయినవాళ్లు కూడా మన గ్రూపులో ఉన్నారు కాబట్టి ఇక్కడా రాస్తున్నాను.

హిందువులు కానివాళ్లకు లెక్క వేరు. ముస్లింలు వారసుల సమ్మతి లేకుండా మూడో వంతుకు మించి వీలునామాతో ఇవ్వలేరు. క్రైస్తవులు పెళ్లికి ముందు రాసిన వీలునామా పెళ్లితో రద్దవుతుంది, మళ్లీ రాసుకోవాలి.

మన గ్రూపులోనే ఒక చెన్నై అన్నయ్య, ప్రొబేట్ (వీలునామా అసలైనదని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ) తప్పనిసరి అని రాశారు. చెన్నై, ముంబై, కోల్‌కతా నగరాల వరకు హిందువుల వీలునామాలకు ఎన్నో ఏళ్లు అది నిజమే. బెంగళూరుకు ఆ నియమం ఎప్పుడూ లేదు. 2025 చివర్లో పార్లమెంటు ఆ నియమం పెట్టిన 213వ సెక్షన్‌నే భారత వారసత్వ చట్టం నుంచి తీసేసింది, కాబట్టి చెన్నైలోనూ ఇప్పుడు ఆ బలవంతం లేదు. తగువు ఉన్నప్పుడు ప్రొబేట్ తీసుకోవడం ఎక్కడైనా మంచిదే.

ఇక రాయడం. స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. తెలుగులో రాసినా చెల్లుతుంది, కానీ బెంగళూరు ఆఫీసుల్లో పని తేలికవ్వాలంటే ఇంగ్లీషులో రాయండి. ఫ్లాటు షెడ్యూల్‌ను సేల్ డీడ్‌లో ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాయండి: డీడ్ నంబరు, ఖాతా నంబరు, ఫ్లాటు నంబరు, భూమిలో మీ అవిభాజ్య వాటా. ఒక్క నంబరు తప్పినా ఖాతా మార్చేటప్పుడు ఇబ్బంది పెడతారు. ప్రతి పేజీ మీద సంతకం పెట్టండి. సాక్షులుగా ఆస్తి దక్కేవాళ్లను పెట్టకండి. మీకంటే చిన్నవాళ్లను, రేపు ఫోను చేస్తే దొరికేవాళ్లను పెట్టండి, ఎందుకంటే కోర్టుదాకా వెళితే కనీసం ఒక సాక్షి వచ్చి చెప్పాలి. అన్నయ్య వీలునామాకు సాక్షులు ఆ లాయరు ఆఫీసు సిబ్బంది. వాళ్లలో ఒకరు ఉద్యోగం మారి ఊరు వదిలిపోయారు. ఎగ్జిక్యూటర్‌గా, అంటే వీలునామాను అమలు చేసేవారిగా, బెంగళూరులో ఉండే మనిషినే పెట్టండి.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ చేయిస్తే మంచిది. డిసెంబరులో వస్తానన్నారుగా, అప్పుడు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు ఒక పూట కేటాయించండి. అప్పటిదాకా ఆగకండి, ఈ నెలలోనే ఇద్దరు స్నేహితుల ముందు సంతకం పెట్టేయండి. అదీ చెల్లుతుంది.

అక్కడి వీలునామాలో పాపకు గార్డియన్ ఎవరో తప్పకుండా రాయండి. మీ ఇద్దరికీ ఒకేసారి ఏదైనా జరిగితే పాపను ఎవరు చూసుకోవాలో మీ మాట కాగితం మీద ఉండాలి. ఇది ఆస్తికన్నా ముందు.

మాలాగా అమెరికా నుంచి తిరిగొచ్చినవాళ్లకు ఒక హెచ్చరిక. అమెరికా పౌరులు కాకుండా, అక్కడ స్థిరనివాసం లేకుండా ఉన్నవాళ్లకు అక్కడి ఇల్లు, అమెరికా కంపెనీల షేర్ల విలువ 60,000 డాలర్లు దాటితే ఎస్టేట్ పన్ను (పోయినవాళ్ల ఆస్తి మీద పన్ను) ఉంటుంది, 40 శాతం దాకా. మన దేశంలో ఎస్టేట్ సుంకం 1985లోనే పోయింది కాబట్టి మనవాళ్లకు ఇది తట్టదు. బెంగళూరులో ఉండి ఆర్‌ఎస్‌యూలు (కంపెనీ జీతంతో పాటు ఇచ్చే షేర్లు) కూడబెట్టుకున్నవాళ్లు కూడా ఒకసారి లెక్క చూసుకోండి.

అనంతపురంలో నాన్నగారి పొలం సంగతి కూడా అడిగారు. ఎన్‌ఆర్‌ఐగా పొలం కొనలేరు కానీ వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. అది నాన్నగారి వీలునామాలో ఉండాల్సిన విషయం, మీదాంట్లో కాదు.

డ్రాఫ్టు సిద్ధమయ్యాక షెడ్యూల్ పేజీ, సేల్ డీడ్ మొదటి పేజీ నాకు పంపండి. నంబర్లు పక్కపక్కన పెట్టి సరిచూసి చెబుతాను.

మారతహళ్లి అక్క