కొత్త అపార్ట్‌మెంట్ ఎస్టీపీ: ఫ్లష్ నీళ్లు పసుపుగా, పొద్దున్నే కంపు

సాగర్‌నగర్ మెయింటెనెన్స్
వైజాగ్ సాగర్‌నగర్ వైపు 120 ఫ్లాట్ల కొత్త కమ్యూనిటీ. ఇప్పటికి 42 ఫ్లాట్లలోనే జనం దిగారు. ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) 75 కేఎల్‌డీది, అంటే రోజుకి 75 వేల లీటర్లు శుద్ధి చేసేది. గాలి ఊదే ఏరేషన్ ట్యాంకు 50 వేల లీటర్లు. తర్వాత క్లారిఫయర్ (బురద అడుక్కి దిగే ట్యాంకు), శాండ్ ఫిల్టర్, కార్బన్ ఫిల్టర్, హైపో (క్లోరిన్ ద్రావణం) డోసింగ్. శుద్ధయిన నీళ్లు ఫ్లష్‌కీ మొక్కలకీ వాడుతున్నాం. ఫ్లష్‌లో లేత పసుపు నీళ్లు వస్తున్నాయి, పొద్దున ఆరింటికైతే కుళ్లిన కోడిగుడ్డు కంపు. ఏరేషన్ నీళ్లు లీటరు జాడీలో పోసి అరగంట ఉంచితే బురద 90 మి.లీ. దగ్గరే ఆగుతోంది, పైన తేట పడట్లేదు. కరెంటు ఆదాకని రాత్రి 11 నుంచి 5 దాకా గాలి ఊదే బ్లోయర్ ఆపుతున్నారు. ఆపరేటరు క్లోరిన్ పెంచుదామంటాడు, కాంట్రాక్టరు రెండు ట్యాంకర్ల బురద తెచ్చి పోద్దామంటాడు. ఏది మంచిది?

మురుగు ఇంజనీరు
రెండూ వద్దండీ. ఫ్లాటుకి నలుగురనుకుంటే 168 మంది. మనిషికి 135 లీటర్ల చొప్పున, అందులో 85 శాతం మురుగు అనుకుంటే రోజుకి 19 వేల లీటర్లు. అంటే మీ ప్లాంటుకి నాలుగో వంతు తిండే అందుతోంది. బురదంటే మురుగు తినే సూక్ష్మజీవుల గుంపే, ఇప్పుడు బయటిది తెచ్చి పోస్తే ఆకలితో ఉన్న మందలోకి ఇంకో మందని తోలినట్టే. సూక్ష్మజీవులకి తిండి చాలక గుత్తులు విడిపోయి సన్నటి నలకలవుతాయి, అవి క్లారిఫయర్ మీదుగా దాటిపోతాయి. పైన తేట పడకపోవడం అందుకే. ఈ లోడుకి లీటరుకి 1,200–1,500 మి.గ్రా. బురద చాలు. 90 మి.లీ. చూసి కంగారుపడకండి.

కంపుకి కారణం రాత్రి ఆరు గంటలు బ్లోయర్ ఆపడమే. గాలి అందకపోతే నీళ్లలోని సల్ఫేటు హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుతుంది. సముద్రపు ఉప్పు చేరిన బోర్లలో సల్ఫేటు ఎక్కువ కాబట్టి బీచ్ వైపు ఇది ముదురుతుంది. టైమర్ పెట్టి 45 నిమిషాలు ఆన్, 15 నిమిషాలు ఆఫ్‌గా రోజంతా నడపండి. క్లారిఫయర్ నుంచి బురదని ఏరేషన్‌కి వెనక్కి పంపేది ఎయిర్‌లిఫ్ట్ (బ్లోయర్ గాలితో ఎత్తే గొట్టం) అయితే బ్లోయర్ ఆగినప్పుడల్లా అదీ ఆగుతుంది, క్లారిఫయర్ అడుగున బురద నల్లబడుతుంది. మీది ఏ రకమో ముందు చూడండి.

ఇంకోటి. మురుగు పంపు పూర్తి లోడుకి తగ్గట్టు గంటకి నాలుగు వేల లీటర్ల దాకా తోస్తుంది, మీకు కావాల్సింది గంటకి వెయ్యి. డెలివరీ వాల్వు బిగిస్తే గుడ్డపీలికలు అడ్డుపడి పంపు జామ్ అవుతుంది. మురుగు మొదట చేరే ఈక్వలైజేషన్ ట్యాంకులోకి బైపాస్ లైను వేసి, మిగులు వెనక్కి వదలండి.

క్లోరిన్ సంగతి: గాలి చాలక అమ్మోనియా లీటరుకి 15 మి.గ్రా. మిగిలిందనుకోండి. దాన్ని క్లోరిన్‌తో తీసేయాలంటే దాదాపు పది రెట్లు, అంటే 150 మి.గ్రా. కావాలి. 10 శాతం హైపో రోజుకి 28 లీటర్లు! గాలి సరిపడా ఉండి అమ్మోనియా తగ్గితే లీటరుకి 5 మి.గ్రా. లెక్కన రోజుకి ఒక్క లీటరు హైపోతో సరి. మన ఎండలకి హైపో బలం త్వరగా పోతుంది, నీడలో పెట్టి వారానికి సరిపడానే కొనండి. నీళ్లే పసుపుగా ఉంటే క్లోరిన్‌ని పసుపు రంగుతో చూపే ఓటీ కిట్‌ని నమ్మలేం, గులాబీ రంగుతో చూపే డీపీడీ కిట్ వాడండి.

పైపుల పని
పైన ఫ్లష్ ట్యాంకు ఎంతది? 168 మందికి ఫ్లష్ వాడకం తలకి 45 లీటర్ల చొప్పున రోజుకి 7,500 లీటర్లే. 20 వేల ట్యాంకు నిండుగా ఉంచితే రెండున్నర రోజులు నిల్వే, క్లోరిన్ ఏం మిగులుతుంది? ఫ్లోట్ దించి ఒక రోజు నీళ్లే ఉంచండి. ఖాళీ ఫ్లాట్ల రైజర్లలో (నిలువు పైపుల్లో) నీళ్లు కదలవు, వారానికోసారి కింది డ్రెయిన్ వాల్వు తెరవండి.

దానికన్నా ముఖ్యం, హెల్త్ ఫాసెట్ (కడుక్కునే స్ప్రే) ఏ లైనులో ఉందో చూశారా? కమోడ్ పక్కనే ఫ్లష్ పాయింటు ఉంటుంది కాబట్టి హడావుడిలో అందులోంచే టీ జాయింటు వేసి లైను కలిపేస్తారు. మంచినీళ్ల ట్యాంకు అవుట్‌లెట్ మూసి, ఫ్లష్ ట్యాంకులో ఫుడ్ కలర్ కలిపి ప్రతి ఫ్లాట్‌లోనూ కుళాయిలన్నీ, హెల్త్ ఫాసెట్‌తో సహా తిప్పి చూడండి. గొట్టాల్లో మిగిలిన నీళ్లు కారి ఆగిపోవాలి. ధార ఆగకపోయినా, రంగు కనిపించినా ఆ ఫ్లాట్‌లో కలిసిపోయినట్టే.

సాగర్‌నగర్ మెయింటెనెన్స్
ఎయిర్‌లిఫ్టే అండీ. క్లారిఫయర్ మీద నల్ల పెళ్లలు తేలుతున్నాయి. ఖాళీ చేసి మనిషిని దింపి కడిగించమంటారా?

మురుగు ఇంజనీరు
మనిషిని అస్సలు దించొద్దు. హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాస్ ఎక్కువైతే ముక్కుకి వాసన కూడా తెలియదు, రెండు ఊపిరుల్లో పడిపోతారు. 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ (మనుషులతో మలం ఎత్తించడం) నిషేధ చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా దింపడం నేరం కూడా. సక్షన్ ట్యాంకరుతో అడుగు బురద లాగించండి. టైమర్ మార్చాక జాడీ పరీక్ష రోజూ ఒకే వేళకి చేసి రాసిపెట్టుకోండి, పైన తేట పడేసరికి రెండు మూడు వారాలు పట్టొచ్చు. అప్పటిదాకా ఫిల్టర్‌కి ముందూ వెనకా ప్రెషర్ తేడా (చ.సెం.మీ.కి) 0.5 కిలో దాటగానే బ్యాక్‌వాష్ (నీళ్లు ఎదురు పంపి కడగడం) చెయ్యండి, ఆ నీళ్లు ఈక్వలైజేషన్‌లోకే వెళ్లాలి. నీళ్ల కాఠిన్యం తీసే సాఫ్ట్‌నర్ ఉంటే దాని ఉప్పునీళ్లు మాత్రం ఎస్టీపీలోకి ఒక్కసారిగా వదలకండి.